అనుభవజ్ఞుడికీ ఒడ్డే గండం: నమీబియా స్కెలిటన్ బే నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని వ్యక్తి నలభై ఏళ్లకు దగ్గరపడినవాడు, ఇరవై ఏళ్లకు పైగా సర్ఫింగ్ చేస్తున్నవాడు. ఇండొనేషియా పగడపు దిబ్బల మీద మనిషికి రెండింతల ఎత్తున లేచే అలలను తడబడకుండా స్వారీ చేయగలడు. కుడికాలు ముందుంచి నిలబడే గూఫీ పద్ధతి కనుక ఎడమకు విరిగే అల మీద అతని ముఖం అలవైపే ఉంటుంది. స్కెలిటన్ బే అల ఎడమకే విరుగుతుంది కాబట్టి అది తనకు అనువైన చోటని అతని నమ్మకం. అక్కడికి తనను సిద్ధం చేయమనీ, స్వెల్ (దూరపు తుఫానుల నుంచి సాగి వచ్చే అలల వరస) వచ్చిన రోజు ఒడ్డున భద్రత చూసుకోమనీ అతను నన్ను కోరాడు. నేను సర్ఫింగ్ శిక్షకుణ్ణి, వైద్యసాయం అందని చోట్ల ప్రథమ చికిత్సలో శిక్షణ పొందినవాణ్ణి. అతని అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసును రాస్తున్నాను. ఎందుకంటే అనుభవజ్ఞులు ఇలాంటి చోటికి తయారయ్యేటప్పుడు టేకాఫ్ (అలను అందుకుని బోర్డు మీద లేవడం) గురించీ ట్యూబ్ (మడత పడే అల లోపలి సొరంగం) గురించీ చాలా ఆలోచిస్తారు గానీ, అలలోంచి ఒడ్డుకు చేరే ఆఖరి పది మీటర్ల గురించి దాదాపు ఆలోచించరు. ఈ కేసులో గాయమైంది ఆ పది మీటర్లలోనే.

చోటు

వాల్విస్ బే పట్టణానికి పడమరగా, అట్లాంటిక్‌కూ లగూన్‌కూ నడుమ, ఒక సన్నటి ఇసుక పట్టీ ఉత్తరంగా సాగి పెలికన్ పాయింట్ దగ్గర ముగుస్తుంది. ఆ పట్టీకి సముద్రంవైపు ఉన్న అంచునే స్థానికులు డాంకీ బే అంటారు, సర్ఫర్లు స్కెలిటన్ బే అంటారు. దక్షిణ గాలులూ నైరుతి అలలూ నమీబ్ ఎడారి తీరం వెంట ఇసుకను ఉత్తరానికి తోస్తూ ఈ పట్టీని పెంచుతూ, మారుస్తూ ఉంటాయి. అందువల్ల నిరుడు అల బాగా విరిగిన భాగం ఈ ఏడాది కూడా అలాగే ఉంటుందని చెప్పడానికి వీల్లేదు. గూగుల్ ఎర్త్ చిత్రాల సాయంతో కొత్త అలలను వెతికే ఒక పోటీ పుణ్యమా అని 2008లో ఈ చోటు బయటి ప్రపంచానికి తెలిసింది. అమెరికన్ సర్ఫర్ కోరీ లోపెజ్ అక్కడ చేసిన స్వారీ వీడియో ఆ ఏడాదే ప్రపంచమంతా తిరిగింది. 2018లో హవాయి సర్ఫర్ కోవా స్మిత్ ఒకే అల మీద రెండు నిమిషాల పాటు, దాదాపు ఒకటిన్నర కిలోమీటరు దూరం సాగాడు. ఆ లెక్కన సగటు వేగం గంటకు 45 కిలోమీటర్లు. మామూలు అల మీద సర్ఫర్ అప్పుడప్పుడు మాత్రమే అందుకునే ఆ వేగాన్ని ఇక్కడ ఆసాంతం నిలుపుకోవాలి, లేకపోతే అల మనిషిని దాటిపోతుంది.

ఇక్కడి అలకు కారణం దక్షిణ అట్లాంటిక్‌లో నలభై డిగ్రీల అక్షాంశాలకు కిందుగా తిరిగే తుఫానులు. అవి పుట్టించే స్వెల్‌లో ఒక శిఖరానికీ మరో శిఖరానికీ మధ్య కాలం, అంటే పీరియడ్, 16 సెకన్లు ఉందనుకుంటే లోతు నీటిలో దాని పొడవు సుమారు 400 మీటర్లు. పొడవులో సగం లోతుకు వచ్చేసరికే అలకు సముద్రపు అడుగు తగలడం మొదలవుతుంది కనుక, ఈ స్వెల్ 200 మీటర్ల లోతు నుంచే వంగడం ప్రారంభిస్తుంది. అంతలా వంగగలిగిన అల మాత్రమే పట్టీ మలుపు చుట్టి డాంకీ బేలోకి వస్తుంది. పీరియడ్ తక్కువగా ఉన్న స్వెల్ ఎంత ఎత్తున్నా ఎదర నుంచే వెళ్లిపోతుంది. వంగే క్రమంలో అల తన శక్తిలో చాలా భాగం కోల్పోతుంది, అందుకే నడిసముద్రంలో నాలుగైదు మీటర్ల స్వెల్ ఉన్నప్పుడు కూడా ఇక్కడ అల అందులో సగానికి మించకపోవచ్చు. సూచనల పట్టికలో ఎత్తు గడిని ముందు చూసే అలవాటున్న ఈ సర్ఫర్‌కు నేను మొదట నేర్పింది, పీరియడ్ గడినీ దిశ గడినీ చూశాకే ఎత్తు గడికి రావడం.

16 సెకన్ల స్వెల్ గుంపు గంటకు సుమారు 45 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. తుఫాను 2,700 కిలోమీటర్ల దూరంలో ఉంటే చేరడానికి 60 గంటలు. అంటే నిర్ణయానికి రెండున్నర రోజులే గడువు. ఏడాదిలో ఈ అల నిజంగా బాగా పనిచేసే రోజులు కొద్దే, అవి ఎక్కువగా ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ లోపే వస్తాయి. దూరదేశం నుంచి వచ్చినవాడికి ఆ కొద్ది రోజుల మీద పుట్టే ఆత్రం కూడా నా దృష్టిలో ఒక ప్రమాద కారణమే. దాన్ని నేను వైద్య చరిత్రతో పాటే నమోదు చేస్తాను.

సిద్ధం చేయడం

పగడపు దిబ్బ మీద నేర్చుకున్న అలవాట్లలో ఏవి ఇక్కడ పనికొస్తాయి, ఏవి ఎదురు తిరుగుతాయి అన్నదే మొదటి ప్రశ్న. దిబ్బ దగ్గర అల పక్కనే లోతైన కాలువ ఉంటుంది. స్వారీ అయ్యాక సర్ఫర్ అల వెనక్కి దాటి, ఆ కాలువలోంచి తాపీగా మళ్లీ బయటికి ఈదుతాడు. స్కెలిటన్ బేలో కాలువ లేదు. ఇసుక నిట్టనిలువుగా దిగిపోతుంది కనుక అల ఒడ్డుకు కొద్ది మీటర్ల దూరంలోనే, ఒక్కోసారి నడుములోతు నీటిలోనే, మడిచి కొడుతుంది. మామూలుగా అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతులో విరుగుతుంది. ఇంత నిటారు ఒడ్డున అది ఇంకా పలుచని నీటిదాకా వచ్చి, ఉన్నట్టుండి పడుతుంది. పైగా ఒడ్డు వెంబడి ఉత్తరంగా పారే ప్రవాహానికి ఎదురీదడం ఎంత బలవంతుడికైనా సాధ్యం కాదు. పై చివర, అంటే దక్షిణపు కొసన, నీళ్లలోకి దూకి, కొట్టుకుపోతూనే ఒక అలను ఎంచుకుని, స్వారీ ముగిశాక ఒడ్డెక్కి, బోర్డు చంకన పెట్టుకుని మెత్తటి ఇసుకలో, తరచు ఎదురుగాలిలో, మళ్లీ పైకి నడవాలి. అలసట ఈతలో కంటే ఈ నడకలోనే ఎక్కువ పోగవుతుంది.

అందువల్ల ఎనిమిది వారాల శిక్షణలో సగానికి పైగా నీళ్లకు బయటే గడిచింది. 4/3 మందం (ఒంటికి 4, చేతులకూ కాళ్లకూ 3 మిల్లీమీటర్లు) వెట్‌సూట్, అంటే చలి ఆపే రబ్బరు దుస్తులు, వేసుకుని ఇసుకలో బోర్డుతో కిలోమీటరు నడక, ఆ వెంటనే ఈత, వెంటనే బోర్డు మీద లేచి నిలబడటం వరసగా చేయించి, నిలబడటానికి పట్టే సమయాన్ని వీడియోలో కొలిచేవాణ్ణి. అలసిన కొద్దీ అది ఎంత పెరుగుతోందన్నదే నాకు కావలసిన అంకె, ఎందుకంటే ఈ అల మీద ఆలస్యంగా లేచినవాడు నేరుగా పలుచని నీటిలోకే పడతాడు. ఒడ్డున మడిచి కొట్టే చిన్న అలల్లో బయటపడే పద్ధతులు కూడా సాధన చేయించాను. తల ముందుగా దూకకూడదు. కాళ్లు ముందుకు, ఒళ్లు వెల్లకిలా పరుచుకునేట్టు, చేతులు తల చుట్టూ అడ్డుగా పెట్టుకుని పడాలి. ఒడ్డుకు తగిలిన క్షణంలో నిలబడే తొందర లేకుండా తర్వాతి అల ఎక్కడుందో ముందు చూసుకోవాలి. శ్వాస సాధనలో ఒక్క విషయంలో నేను కఠినంగా ఉంటాను. నీట మునిగే ముందు గబగబా ఊపిరి తీసి వదలడం వల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. ఊపిరి కావాలన్న హెచ్చరిక రాకముందే స్పృహ తప్పే అపాయం అందులో ఉంది. బెంగ్వేలా అనే చల్లటి సముద్ర ప్రవాహం వల్ల ఇక్కడి నీరు తరచు 12 నుంచి 15 డిగ్రీల మధ్యే ఉంటుంది, అంత చల్లటి నీటిలో ఊపిరి బిగపట్టగలిగే సమయం కొలనులో తేలినదానికంటే తక్కువే. కొలను అంకెను చూసుకుని ధైర్యపడవద్దని అతనికి ముందే చెప్పాను.

బోర్డు మామూలు కంటే కాస్త పొడవుగా, ఫైబర్‌గ్లాస్ పొర మందంగా ఉన్నదాన్ని ఎంచుకున్నాం. విరిగితే మార్చుకోవడానికి అలాంటిదే మరొకటి. వెట్‌సూట్ పైన పలుచని ఇంపాక్ట్ వెస్ట్, అంటే దెబ్బ తీవ్రత తగ్గించే మెత్తటి కోటు. బోర్డు అడుగున ఉండే రెక్కల్లాంటి ఫిన్‌ల అంచులను కొద్దిగా నున్నగా అరగదీయించాను, ఎందుకంటే ఇలాంటి చోట లోతైన కోతలు ఎక్కువగా సొంత బోర్డు ఫిన్ వల్లే అవుతాయి. వాహనంలో టోర్నికే (రక్తస్రావం ఆపడానికి బిగించే కట్టు), పట్టీలు, మడత స్ట్రెచర్, గాలి చొరని గుడారపు సంచి, దుప్పట్లు, వేడినీళ్ల ఫ్లాస్కులు, ఉపగ్రహ సందేశ పరికరం పెట్టాం. లైఫ్‌గార్డులు ఎవరూ లేని చోట ఇవన్నీ మనమే మోసుకెళ్లాలి.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన సరంజామా ఆటుపోట్ల పట్టిక. ఉప్పు మడులు దాటాక దారి అంతా ఇసుకే. పోటు ఎక్కేకొద్దీ పట్టీ సన్నబడి, కొన్ని భాగాల్లో నీరు దారి మీదకే వస్తుంది. నీరు అతి తక్కువగా ఉండే సమయానికి రెండు గంటల ముందు వెళ్లి, ఆ తర్వాత మూడు గంటలకల్లా వాహనం తిరిగి గట్టి రోడ్డు ఎక్కాలని నియమం పెట్టుకున్నాం. అల ఎంత బాగున్నా ఆ గడువు మారదని అతనితో ముందే ఒప్పందం చేసుకున్నాను.

ఆ రోజు

స్వెల్ సూచన ప్రకారమే వచ్చింది. తెల్లవారుజామున పొగమంచు దట్టంగా ఉండి ఒడ్డు నుంచి అల కనిపించలేదు. కనిపించేదాకా ఎవరూ నీళ్లలోకి దిగలేదు. మంచు విడిపోయాక దక్షిణ గాలి మొదలై అల ముఖాన్ని నున్నగా నిలిపింది. పెద్ద అలలు గుంపులుగా వస్తాయి, ఒక్కో గుంపును సెట్టు అంటాం. సెట్టుకూ సెట్టుకూ మధ్య వ్యవధినీ, ఒక్కో సెట్టులో ఎన్ని అలలు వస్తున్నాయో గడియారం పట్టి రాసుకున్నాం. ఒడ్డు వెంట ఒకరు సర్ఫర్‌తో సమానంగా నడుస్తూ అతన్ని కంటితో వదలకుండా ఉండాలి, రెండో మనిషి వాహనాన్ని కింది చివరకు జరుపుతూ ఉండాలి, అదీ ఏర్పాటు. కొట్టుకుపోయే సర్ఫర్ నీళ్లలో ఎంత వేగంగా కదులుతాడంటే, ఒడ్డున ఉన్నవాళ్లు అతనితో పాటు నడవడం కాదు, పరుగెత్తాలి.

మొదటి రెండు స్వారీలు అతని జీవితంలోనే గొప్పవని చెప్పడానికి నాకు సందేహం లేదు. రెండోదానిలో అతను ట్యూబ్‌లోకి వెళ్లి, కొంతసేపటికి పొగలాంటి తుంపరతో పాటు బయటికి వచ్చి, మళ్లీ లోపలికే వెళ్లిపోవడం చూశాను. ఈ పని ఎందుకు చేస్తున్నామో ఇలాంటి క్షణాల్లో ఎవరూ అడగనక్కర్లేదు. ప్రతి స్వారీ తర్వాత వాహనం చాటున ఇరవై నిమిషాలు కూర్చుని, ఏదైనా తిని, వేడిగా తాగాలని నియమం ఉంది. స్వెల్ ఇంకా పెరుగుతోందని కనిపించేసరికి రెండో విశ్రాంతిని అతను సగంలోనే ముగించి పైకి నడక మొదలుపెట్టాడు.

మూడో స్వారీలో అతను నిలబడటం ఆలస్యమైంది. తర్వాత వీడియోలో కొలిస్తే తేడా కంటికి స్పష్టంగా తెలిసింది. చేతులు బోర్డు మీద ఆనించి, ఒక మోకాలు తగిలించి, అప్పుడు లేచాడు. అయినా మొదటి భాగం దాటి చాలా దూరం వెళ్లాడు. కింది భాగంలో అల ఒక్కసారిగా పొడవునా మూసుకుంది. నేర్చుకున్న పద్ధతిలోనే కాళ్లు ముందుగా పడ్డాడు, తల కాపాడుకున్నాడు. మోకాలి లోతు నీటిలో లేచి నిలబడ్డాడు. అతను స్వారీ చేసినది ఆ సెట్టులో రెండో అలే. మూడోది వెనకే వచ్చి అతన్ని నడుము దగ్గర పట్టి లేపి, కుడి భుజం, తల పక్కభాగం ముందుగా తడి ఇసుక మీద వేసింది.

గాయం, తరలింపు

అతని దగ్గరకు చేరేసరికి స్పృహలో ఉన్నాడు, ఊపిరి సరిగా తీసుకుంటున్నాడు. వెనక్కి గుంజే నీరు అతన్ని మళ్లీ లోపలికి లాగుతోంది. మెడ గాయం అనుమానం ఉన్నప్పుడు కదపకూడదన్న సూత్రం తెలిసిందే, కానీ నాలుగో అల దారిలో ఉన్నప్పుడు ముందు మునకనే ఆపాలి. నేను అతని తలను అతని రెండు చేతుల మధ్యే ఇరికించి, అంటే అతని చేతులనే తలకు ఇరువైపులా ఆనించి, తల మొండెంతో ఒకే వరసలో ఉండేట్టు బిగించి పట్టాను. సహచరుడు తొడల కింద పట్టాడు. ఇద్దరం కలిసి అలల హద్దు దాటించి పొడి ఇసుక మీదకు చేర్చాం. బోర్డును కాలికి కట్టి ఉంచే తాడును, అంటే లీష్‌ను, అక్కడే విప్పాం.

పరీక్షలో మెడ వెనక నడిమధ్య ఎముకల మీద నొక్కితే నొప్పి ఉంది. కుడిచేతి బొటనవేలిలోనూ చూపుడువేలిలోనూ తిమ్మిరి ఉంది. రెండు చేతుల పట్టు సమానంగానే ఉంది, కాళ్లు మామూలుగా కదులుతున్నాయి, కాళ్లలో స్పర్శ బాగుంది. అత్యవసర వైద్యులు వాడే కెనడియన్ సి-స్పైన్ నియమం ప్రకారం, తల మీదుగా మెడకు నిలువునా బరువు పడిన గాయమైతే, లేదా చేతుల్లో కాళ్లలో తిమ్మిరి ఉంటే, స్కానింగ్ తప్పనిసరి. ఇక్కడ రెండూ ఉన్నాయి. తాను లేచి నడవగలనని అతను రెండుసార్లు అన్నాడు. నడవగలగడం మెడ బాగుందనడానికి రుజువు కాదని చెప్పి, పడుకోబెట్టే ఉంచాం.

ఇక్కడ అసలు నిర్ణయం ఎదురైంది. పట్టణం నుంచి అంబులెన్సు వచ్చేదాకా ఆగాలా, మేమే తీసుకెళ్లాలా? మామూలు అంబులెన్సు ఆ ఇసుకలోకి రాలేదు. ఇసుకలో నడిచే వాహనం కోసం ఆగితే పోటు దారి మూసే అవకాశం ఉంది. చల్లటి నీటిలో గంటల తరబడి ఉండి, గాలిలో కదలకుండా పడుకున్న మనిషి ఒంటి వేడి త్వరత్వరగా పడిపోతుంది. వణుకు మొదలైతే మెడ నిశ్చలంగా ఉండదు. మరోవైపు గతుకుల ఇసుకలో ప్రయాణం కూడా ప్రమాదమే. ఆటు గడువు ప్రకారం మా చేతిలో ఇంకా గంటన్నర ఉంది. గడువు నియమాన్ని ఆ రోజు ఏ మాత్రం సడలించి ఉన్నా ఈ గంటన్నర ఉండేది కాదు. గట్టి రోడ్డు మొదలయ్యే చోట అంబులెన్సును కలుస్తామని సందేశం పంపి, మేమే కదలాలని నిర్ణయించాను.

వెట్‌సూట్ విప్పలేదు. విప్పాలంటే చేతులు పైకెత్తాలి, చేతులతో పాటు మెడ కదులుతుంది. కత్తిరించి తీయడానికి పట్టే సేపు గాలికి ఒళ్లు ఆరవేసినట్టే అవుతుంది. సూట్ మీదనే గాలి చొరని సంచి చుట్టి, కిందా పైనా దుప్పట్లు వేసి, వేడినీళ్లు నింపిన సీసాలను గుడ్డలో చుట్టి చంకల పక్కన పెట్టాం. గట్టి మెడ పట్టీ వాడలేదు. తలకు ఇరువైపులా చుట్టిన తువ్వాళ్లు ఆనించి, వాటితో పాటు ఒకరు చేతులతో పట్టుకుని కూర్చున్నాం. ఇసుక కోసం టైర్లలో గాలి ముందే తగ్గించి ఉండటం వల్ల కుదుపులు కొంత తగ్గాయి. నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో, తడిసి గట్టిపడిన ఇసుక మీదుగా మాత్రమే వాహనాన్ని నడిపించాం. పది నిమిషాలకొకసారి వేళ్ల స్పర్శ, చేతి పట్టు, మాట పరీక్షించి కాగితం మీద సమయంతో సహా రాశాం. ఆ కాగితాన్నే అంబులెన్సు సిబ్బందికి అప్పగించాం. గాయమైనప్పటి నుంచీ తిమ్మిరి పెరగలేదన్న సంగతి వైద్యులకు చాలా ఉపయోగపడే సమాచారం, అది రాసి ఉంటేనే నమ్మదగినది.

తర్వాత

స్కానింగ్‌లో ఎముక విరగలేదని తేలింది. మెడ కండరాలు, స్నాయువులు బెణికి, చేతిలోకి వెళ్లే నరం సాగిందని వైద్యులు నిర్ధారించారు. తిమ్మిరి రెండు రోజుల్లో పోయింది, మెడ నొప్పి కొన్ని వారాలు ఉంది. ఆరు వారాలు నీళ్లకు దూరంగా ఉండి, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో మెడ కదలికలు, తర్వాత కదలిక లేకుండా బలం పెంచే వ్యాయామాలు చేశాడు. సర్ఫింగ్‌కు తిరిగి రావడానికి నేను పెట్టిన షరతులు మూడు. మెడ అన్ని వైపులా నొప్పి లేకుండా పూర్తిగా తిరగాలి, రెండు చేతుల బలం సమానంగా ఉండాలి, వైద్యుడి రాతపూర్వక అనుమతి ఉండాలి. అవి కుదిరాక మొదట మెత్తగా విరిగే బీచ్ అలల మీదే మొదలుపెట్టాడు.

గాయానికి కారణం ఏమిటన్న విషయంలో మా ఇద్దరి అభిప్రాయాలు కొంత వేరు. మూసుకుపోయిన అల వల్లనే ఇలా అయిందని అతను అంటాడు. నా అంచనా ప్రకారం మూసుకుపోయిన అల నుంచి అతను క్షేమంగానే బయటపడ్డాడు. అలసిన ఒళ్లు నిలబడటాన్ని ఆలస్యం చేసింది, అదే అలసట ఒడ్డున లేచిన వెంటనే వెనక్కి తిరిగి సెట్టును చూసుకునే అలవాటునూ మింగేసింది. ఎనిమిది వారాలు నేర్చుకున్నదాన్ని అతను సగం సరిగ్గా చేశాడు. మిగిలిన సగం అరనిమిషం ఓపిక కోరింది, ఆ ఓపికకు కావలసిన శక్తి సగంలో ముగించిన విశ్రాంతితోనే పోయింది. పగడపు దిబ్బల మీద ఎంత అనుభవం ఉన్నా ఈ లెక్కను మార్చదు, ఎందుకంటే అక్కడ అలసిన సర్ఫర్ కాలువలో బోర్డు మీద కూర్చుని సేదతీరగలడు. ఇక్కడ సేదతీరడానికి నీళ్లలో చోటే లేదు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో రెండు మార్పులు చేశాను. ఒడ్డు వెంట నడిచే మనిషి ఇప్పుడు ముదురు రంగు జెండా పట్టుకుంటాడు, సెట్టులో ఇంకా అలలు మిగిలి ఉన్నంతసేపు దాన్ని ఎత్తే ఉంచుతాడు. జెండా దిగేదాకా పలుచని నీటిలో ఉన్న సర్ఫర్ నిలబడకూడదు. వెల్లకిలా ఉండి, కాళ్లు ఒడ్డువైపు పెట్టి, నీరు తోసిన మేరకు జారుతూ రావాలి. రెండోది విశ్రాంతికి సంబంధించినది. స్వారీ ముగించి వచ్చిన సర్ఫర్ బోర్డును ఒడ్డు మనిషికి అప్పగిస్తాడు, ఇరవై నిమిషాలు నిండాక, మోకాలు ఆనించకుండా లేచి నిలబడటం ఇసుక మీద ఒకసారి చేసి చూపాకే దాన్ని తిరిగి తీసుకుంటాడు. మోకాలు ఆనితే ఆ రోజుకు నీళ్లలోకి దిగడం ముగిసినట్టే. ఈ సర్ఫర్ ఆ షరతు చదివి, తనకు కూడా అదే వర్తింపజేయమన్నాడు. ఆ ఏడాది మిగిలిన స్వెల్‌లకు అతను స్కెలిటన్ బేకు తిరిగి వెళ్లలేదు.